ఎడమ పురి

"లుస్మీలా! ఓ లుస్మీలా! ఊరొచ్చింది తల్లీ. దిగుతావా, లేక ఆ ఉన్ని మూటలతోపాటు నిన్ను కూడా బేరానికి పెట్టమంటావా?"

లారీ వెనక తలుపు గొలుసు విప్పుతూ దెమెత్రియో మావయ్య కేకేశాడు. లారీలో కూర్చున్న ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. హిలారియో భుజం మీద కునుకు తీస్తున్న లుస్మీలా ఉలిక్కిపడి లేచి టోపీ సర్దుకుంది.

"పెట్టు మావయ్యా. తిండి ఎక్కువ తింటుందని మాత్రం ఎవరికీ చెప్పకు," అన్నాడు హిలారియో.

"నువ్వు నోర్ముయ్," అని అతని డొక్కలో పొడిచింది లుస్మీలా. పొడిచాక ఆ చెయ్యి అక్కడే ఉంచేసుకుంది. అతని ఒళ్ళు మంచుగడ్డలా ఉంది.

దెమెత్రియో వాళ్ళకి చుట్టమేమీ కాదు. కొండమీద పల్లెలన్నిటికీ ఉన్న లారీ అతనిదొక్కటే. అందుకని పిల్లా పెద్దా అందరికీ మావయ్యే. బంగాళదుంపల తవ్వకాలు అయిపోయాక ఏటా సరస్సు ఒడ్డున ఉన్న ఉమాపంపాలో చేతిపనివాళ్ళ సంత జరుగుతుంది. ఏటా అందర్నీ ఎక్కించుకుని కొండ దిగేది అతనే. లుస్మీలా చిన్నప్పుడు అమ్మ లంగా పట్టుకుని వచ్చేది. ఇప్పుడు తను నేసిన బట్టలతో వచ్చింది. తన మనిషితో వచ్చింది. ఇంకా పెళ్ళి కాలేదు, ఆ కొండల్లో పద్ధతి ప్రకారం ముందు ఒకే కప్పు కింద ఉండి చూసుకుంటున్నారు. చూసుకోవడానికి ఇంకేం మిగల్లేదని లుస్మీలాకి మొదటివారమే తెలిసిపోయింది. హిలారియో పొయ్యి ముందు కూర్చుని ఊరికే నవ్వితే చాలు, ఆమెకి ఆ పూట అన్నం అక్కర్లేదు.

దారిలో వడగళ్ళ వాన పడింది. హిలారియో తలమీంచి దూర్చి వేసుకునే తన ఉన్ని పోంచో తీసి ఆమె మూటల మీద కప్పాడు. బట్టలు తడిస్తే ఏడాది కష్టం పోతుందన్నాడు. బట్టలు తడవలేదు. పోంచో మాత్రం నీళ్ళు తాగి చచ్చిన గొర్రెలా బరువెక్కింది. ఇప్పుడు పల్చటి స్వెట్టరుతో పెదాలు నీలంగా చేసుకుని నిలబడ్డాడు. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

సరస్సు ఒడ్డునంతా నీలం పట్టాలు కట్టారు. తడిసిన ఉన్ని వాసన, కాల్చిన మట్టి వాసన, నూనెలో వేగుతున్న చేపల వాసన. ఒక పక్క మట్టి ఎడ్లు, ఒక పక్క చెక్కిన సొరబుర్రలు, ఆ తర్వాత వరసంతా నేతగత్తెలే. లుస్మీలా నేల మీద గుడ్డ పరిచి తన దుప్పట్లు, నడికట్లు పేర్చుకుంది. పక్కన టోపీలమ్మే ఆమె హిలారియో వంక చూసి మూతి విరిచింది.

"ఏం పిల్లా, ఊరందరికీ బట్టలు నేసి, మొగుణ్ణి మాత్రం ఇలా ఆరేశావేం?"

"ఆరితే గట్టిపడతాడని అత్తా," అంది లుస్మీలా. పైకి నవ్వింది కానీ మనసు చివుక్కుమంది.

ఆ కొండల్లో చలి ఊరికే పోదు. రొమ్ములో దిగితే మనిషిని తీసుకునే పోతుంది. హిలారియో అన్న అలాగే పోయాడు. వాళ్ళమ్మ బయల్దేరేముందు లుస్మీలా చేతులు పట్టుకుని, "వీణ్ణి వెచ్చగా తీసుకురా," అంది. అంతే అంది.

పొద్దు వాలింది. సంతలో పొద్దు వాలితే డబ్బు పక్కకి పోయి మార్పిడి మొదలవుతుంది. నీ కుండకి నా టోపీ, నీ టోపీకి నా నడికట్టు. లుస్మీలా మంచి నడికట్టు ఒకటి చంకలో పెట్టుకుని, హిలారియో చెయ్యి పట్టుకుని పోంచో వెతకడానికి బయల్దేరింది. సరస్సు మీంచి మంచు లేస్తోంది. ఎవరో తెల్ల అల్పాకా ఉన్నిని దువ్వి దువ్వి గాలిలోకి వదిలినట్టు, మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చి పట్టాలన్నిటినీ కప్పేసింది. ఎంత అందంగా ఉందో అనుకుంది లుస్మీలా. ఆ మాట తర్వాత తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు జలదరించేది.

కొట్లన్నీ అయిపోయిన చోట, రెల్లు మొదలయ్యే చోట ఒక ముసలామె కూర్చుని ఉంది. ముందు గుడ్డ లేదు, సరుకు లేదు. ఒళ్ళో మడిచిన నల్ల పోంచో ఒకటి, చేతిలో కదురు. అంతే.

"అవ్వా, అది ఇచ్చేదేనా?"

"వేసుకునేవాడుంటే ఇచ్చేదే."

"బదులు ఈ నడికట్టు ఇస్తాను. చూడు, రంగులన్నీ ఆకులతో కాచినవే."

"ముందు తల దూరుతుందో లేదో చూడు తల్లీ. ఇచ్చిపుచ్చుకోవడాలు తర్వాత."

లుస్మీలా వంగి పోంచో అంచు పట్టుకుంది. చలికి వేళ్ళు కొయ్యల్లా ఉన్నాయి. అయినా నేతగత్తె వేళ్ళు కదా, అలవాటుగా దారాన్ని నలిపి చూశాయి. ఎడమ పురి. ఆమె ప్రాణం కుదుటపడింది. ఆ కొండల్లో రోజూ కట్టే బట్టకి కదురు కుడికి తిప్పి వడుకుతారు. అంచు దగ్గర ఒక్క వరస మాత్రం ఎడమకి తిప్పిన దారం వేస్తారు, చెడుగాలి బట్ట దాటి ఒంట్లోకి రాకుండా. ఈ రోజుల్లో అంత శ్రద్ధ ఎవరికుంది? ఎవరో ప్రేమగా నేసిన పోంచో ఇది, అనుకుంది.

"ఎవరి అబ్బాయి?" అడిగింది ముసలామె.

"మా ఊరే అవ్వా. హిలారియో అని."

"అమ్మ ఉందా?"

"ఉంది."

"అదృష్టవంతురాలు," అంది ముసలామె. కదురు తిప్పుతూనే ఉంది.

లుస్మీలా పోంచో ఎత్తి హిలారియో తలమీంచి దించింది. తన చేతులతోనే. మెడ చీలికలోంచి అతని తల సులువుగా దూరింది. భుజాల మీద సర్ది, పెళ్ళికొడుకుని చూసినట్టు చూసుకుంది. నడికట్టు ఇవ్వబోతే ముసలామె తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడేం వద్దు. నీ ఇష్టం వచ్చినప్పుడు వద్దువుగాని."

లారీ పక్కన దెమెత్రియో పొయ్యి పెట్టాడు. ఎండబెట్టిన మాంసం, నల్ల దుంపలు వేసి చారు కాస్తున్నాడు. పుదీనా లాంటి మున్యా ఆకు వాసన. మంచులో ఆ మంట నారింజపండులా కనిపించింది.

"ఓహో! ఎవరమ్మా ఈ నల్లాయన? పెళ్ళికొడుకా, పెళ్ళి చేయించే ఫాదరా?" అన్నాడు దెమెత్రియో.

హిలారియో నవ్వలేదు. ఏ మాటకైనా మాట తిప్పికొట్టేవాడు, ఏమీ అనలేదు. చారు గిన్నె అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఈ ఎద్దుని చూడు," అని దెమెత్రియో జేబులోంచి అరచేతిలో పట్టేంత మట్టిబొమ్మ తీసి లుస్మీలాకి చూపించాడు. "మా చిన్నదానికి. దీనికి ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. అచ్చం నాలాగే ఉందని అదే కావాలంటుంది చూడు. ఉప్పు మర్చిపోయా, ఉండండి." బొమ్మని జాగ్రత్తగా జేబులో పెట్టుకుని లారీ వెనక్కి వెళ్ళాడు.

లుస్మీలా హిలారియో వైపు తిరిగింది. అతని గిన్నెలో చారు మీద కొవ్వు తెల్లగా పేరుకుపోయింది. ఇప్పుడే పొయ్యి మీంచి దించిన చారు.

"చలేస్తోందా?"

"లేదు," అన్నాడు మెల్లగా. "తడిగా ఉంది."

"పొడిగానే ఉంది కదా."

"నీళ్ళల్లో ఉన్నట్టుంది లుస్మీ. చెవుల్లో కూడా..." అతను మెడ దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ బిగుస్తోంది. కాస్త లాగు."

ఆమె మంటకి వెచ్చబడ్డ వేళ్ళు అతని రొమ్ము మీద పోంచోని పట్టుకున్నాయి. నలిపాయి.

ఎడమ పురి.

ఇంకొంచెం పక్కన పట్టుకుంది. ఎడమ పురి. భుజం మీద. ఎడమ పురి. వీపు మీద... అక్కడా అంతే. నిలువు పోగు, అడ్డ పోగు... ఒక్కటంటే ఒక్కటి కుడి పురి లేదు.

నిండా ఎడమ పురితో నేసే బట్ట ఆ కొండల్లో ఒక్కటే ఉంది. అది పోయినవాళ్ళకి తొడుగుతారు. మళ్ళీ లేచి రాకుండా.

"తియ్యి," అంది. "తియ్యి హిలారియో, తల వంచు..."

రెండు చేతులతో మెడ దగ్గర పట్టి పైకి లాగింది. రాలేదు. ఇందాక తలంతా దూరిన చీలిక ఇప్పుడు మెడకి అంటుకుని ఉంది. మంట వెలుగులో వంగి చూసింది. చీలిక రెండు పెదాలూ కలిపి కుట్లు. చిన్న చిన్న నల్ల కుట్లు. ఇందాక లేవు. ఆమె చూస్తుండగానే... సూది లేదు, చెయ్యి లేదు... ఇంకో కుట్టు పడింది.

హిలారియో లేచాడు. గిన్నె ఒళ్ళోంచి జారి పగిలింది. అతను వినిపించుకోలేదు. తలుపు తట్టిన చప్పుడు విన్నవాడిలా ఒక పక్కకి తల తిప్పి, మంచులోకి నడిచాడు.

"ఎక్కడికి? హిలా!"

చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. లాగలేకపోయింది. అప్పుడు కనిపించింది. పోంచో కింది అంచు నుంచి ఒక పోగు. సన్నగా, నల్లగా, బిగుతుగా... మంచులోకి సాగి ఉంది. అవతల ఎవరో చుడుతున్నారు.

సంతలో ఎవరూ కనిపించలేదు. పక్కనే పట్టాల కింద మనుషులు మాట్లాడుకుంటున్నారు, ఎవరో దగ్గారు, ఎవరో పిల్లని జోకొడుతున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి. కానీ ఆమె అరిస్తే ఆ అరుపు నోటి ముందే మంచులో మెత్తగా కూరుకుపోతోంది. రెల్లు వాసన వచ్చింది. కుళ్ళిన రెల్లు, చేప, బురద. కాళ్ళ కింద నేల మెత్తబడింది.

ముసలామె అక్కడే కూర్చుని ఉంది. కదురు తిరుగుతోంది. ఇప్పుడు లుస్మీలా దాన్ని చూసింది. ఎడమకి... ఎడమకి... ఎడమకి. వడకడం లేదు. లాక్కుంటోంది.

"అవ్వా..." లుస్మీలా మోకాళ్ళ మీద పడింది. "నాకు తెలీదు. అంచే చూశాను. నీ పోంచో నువ్వు తీసుకో, నా మూటలన్నీ తీసుకో..."

"నీ మూటలు నాకెందుకు తల్లీ," అంది ముసలామె. కోపం లేదు. ఇరుగుపొరుగు మాట్లాడుకున్నట్టే గుసగుసగా చెప్పింది. "నా కొడుకు పడవ మీద రెల్లు కోయడానికి పోయాడు. పడవ వచ్చింది. వాడు రాలేదు. ఈ సరస్సు ఎవర్నీ తిరిగివ్వదు. శవపెట్టె చేయించా, పోంచో నేశా. ఖాళీ పెట్టె పూడుస్తారా ఎక్కడన్నా? బరువుండాలి కదా."

హిలారియో నీళ్ళలోకి అడుగు పెట్టాడు. చప్పుడు కాలేదు.

"ఇతనికీ అమ్మ ఉంది అవ్వా! నీకు దండం పెడతా... ఇతను నావాడు..."

కదురు ఆగింది. ముసలామె లుస్మీలా వైపు చూసింది.

"నీవాడైతే ఉంచుకో. ఇంకో పేరు చెప్పు."

"ఏంటి?"

"ఎవరిదైనా సరే. ఒక పేరు. ఆ పేరున్నవాడికి చెప్పకూడదు, అంతే. చెప్పావా, ఇచ్చిన పేరు చెల్లదు. పోగు మళ్ళీ మొదటివాడి మెడకే వస్తుంది." కదురు మళ్ళీ కదిలింది. హిలారియో మోకాళ్ళ దాకా దిగాడు. "తొందరగా తల్లీ. నీళ్ళు చల్లగా ఉంటాయి."

లుస్మీలా తల ఖాళీ అయిపోయింది. ఊళ్ళో అందరి పేర్లూ తెలుసు ఆమెకి. ఒక్కటీ గుర్తు రాలేదు. నడుం దాకా దిగాడు. రొమ్ము దాకా... అప్పుడు వెనక ఎక్కడో మంచులోంచి, వెచ్చగా, విసుగ్గా, ఒక గొంతు వినిపించింది.

"లుస్మీలా! ఎక్కడ చచ్చారే ఇద్దరూ? చారు చల్లారిపోతోంది!"

"దెమెత్రియో," అంది లుస్మీలా.

అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది.

నల్ల పోగు తెగినట్టు సడలింది. కుట్లు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. హిలారియో నీళ్ళలో కూలబడి దగ్గడం మొదలుపెట్టాడు. ఆమె అతని చంకలకింద చేతులు వేసి ఒడ్డుకి ఈడ్చింది. తలెత్తి చూస్తే రెల్లు ఉంది, మంచు ఉంది. పోంచో లేదు. ముసలామె లేదు.

దెమెత్రియో వాళ్ళని చూసి తిట్టాడు. "తాగావేంట్రా? చీకట్లో సరస్సులో ఈతలా?" తిడుతూనే తన కోటు తీసి హిలారియోకి చుట్టాడు. తన దుప్పటి ఇచ్చాడు. తన వంతు చారు కూడా పోశాడు. లుస్మీలా అతని మొహం చూడలేకపోయింది. ఆ రాత్రి కళ్ళు మూయకుండా రెండు ఊపిరులు వింటూ పడుకుంది. ఒకటి పక్కనున్నవాడిది, ఒకటి లారీ కింద పడుకున్నవాడిది. రెండూ తెల్లారేదాకా మామూలుగానే నడిచాయి.

తెల్లవారి ఎండ కాసింది. సరస్సు అద్దంలా, అమాయకంగా మెరిసింది. దుప్పట్లు బాగానే అమ్ముడుపోయాయి. అంతా పీడకల అయి ఉంటుందనిపించింది లుస్మీలాకి. హిలారియోకి కాస్త జ్వరం తగిలింది, కానీ ఏమీ గుర్తులేదు, కాలుజారి పడ్డాననుకుంటున్నాడు. తిరుగు ప్రయాణంలో దెమెత్రియో వాళ్ళిద్దర్నీ ముందుకి పిలిచాడు.

"జ్వరం మనిషికి వెనక గాలెందుకు? రండి, నా పక్కన కూర్చోండి. కొత్త జంట గుసగుసలు వింటూ నేనూ కుర్రాణ్ణైపోతా."

లుస్మీలా మధ్యలో కూర్చుంది. ఒక పక్క హిలారియో ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. వెచ్చగా ఉన్నాడు. అతని ఊపిరి ఆమె మెడకి తగులుతోంది. ఇంకో పక్క దెమెత్రియో ఈల వేస్తూ, అద్దం ముందు నిలబెట్టిన మట్టి ఎద్దుకి మలుపు మలుపుకీ దారి చెబుతూ లారీ నడుపుతున్నాడు. వెనక ఆడవాళ్ళు ఏదో మాటకి పగలబడి నవ్వుతున్నారు. లారీ కొండెక్కింది. కింద సరస్సు లోతుకి పోయింది.

ఈల ఆగింది.

"తల్లీ," అన్నాడు దెమెత్రియో, ఒక చేత్తో మెడ రుద్దుకుంటూ. "ఈ కాలర్లో ఏదో కుడుతోంది పొద్దుట్నుంచి. కాస్త చూడు, ముల్లేమో."

లుస్మీలా చెయ్యి చాచింది. కాలరు తడిగా ఉంది. బయట రాళ్ళు పగిలే ఎండ. కాలరు పిండితే నీళ్ళు కారేట్టుంది. రెల్లు వాసన.

కాలరు కిందికి లాగింది.

మెడ చుట్టూ సూదిపోట్లు. వరసగా, ఒకే ఎడంతో, నేతగత్తె చెయ్యి వేసినట్టు. నిన్న రాత్రివి అనుకుంది. కానీ అవి ఎర్రగా లేవు. ఎప్పుడో మాని, తెల్లబడి, ముడతల్లో కలిసిపోయిన మచ్చలు. ఎన్నో ఏళ్ళవి. ఈ పోగు ఇతని మెడకి రావడం ఇది మొదటిసారి కాదు, అప్పుడెవరో విడిపించి ఉంటారు. ఆ వరస మెడంతా చుట్టి వచ్చి, కంఠం దగ్గర మాత్రం వేలు పట్టేంత ఖాళీ వదిలింది. ఆ ఖాళీ అంచున ఒకే ఒక్క చుక్క... తాజాగా, ఎర్రగా, ఇప్పుడే ఊరుతోంది.

"ఏముంది తల్లీ?"

చెబితే పోగు ఎవరి మెడకి వస్తుందో ఆమెకి తెలుసు. చెప్పకపోతే... మలుపు వస్తోంది. ఎద్దుబొమ్మ రెండు కళ్ళూ, పెద్దదీ చిన్నదీ, ఆమెనే చూస్తున్నాయి. ఎర్ర చుక్క పక్కన ఇంకో చుక్క మొలిచింది.

"ఏముందమ్మా? అలా వణుకుతావేం? భయపడకు, నేనున్నాగా," అన్నాడు దెమెత్రియో.

లుస్మీలా హిలారియో తలని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. అతని మెడ చుట్టూ తన చేతులే అడ్డం పెట్టింది. ఎంత గట్టిగా పెట్టగలదో అంత గట్టిగా. కళ్ళు మూసుకుంది.

"మావయ్యా, బండి ఆపు," అంది. "నిన్న రాత్రి ఒకామె నన్ను ఒక పేరు అడిగింది. నేను నీ పేరు చెప్పాను."